సైన్స్ ఫిక్షన్ ఆట నడిపే జీఎంకి నిజంగా పనికొచ్చే సోర్స్‌బుక్‌లు

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్‌లో (బల్ల చుట్టూ కూర్చుని, పాత్రలు వేస్తూ, పాచికలతో కథ నడిపే ఆటలో) సైన్స్ ఫిక్షన్ నడిపే జీఎంకి, అంటే ఆటను ముందుకు నడిపే గేమ్ మాస్టర్‌కి, ఫాంటసీ నడిపేవాళ్లకు లేని చిక్కు ఒకటుంది. ఫాంటసీలో ఊరు, అడవి, కోట అని చెబితే చాలు, మిగతాది ప్లేయర్లే ఊహించుకుంటారు. ఇక్కడ ఓడ దిగిన ప్రతిసారీ కొత్త గ్రహం. దిగీ దిగగానే ప్రశ్నలు. గాలి పీల్చుకోవచ్చా? తుపాకీ పట్టుకుని బయటికెళ్తే ఆపుతారా? ఇంధనం ఎక్కడ దొరుకుతుంది? పెత్తనం ఎవరిది? వీటికి జీఎం అర నిమిషంలో జవాబు చెప్పాలి. ఆ జవాబు వచ్చే నెల సెషన్‌లో కూడా అలాగే నిలబడాలి.

అందుకే ఆటకు కావాల్సిన సమాచారం, పట్టికలు ఇచ్చే ఈ సోర్స్‌బుక్‌లకు నేను పెట్టే పరీక్ష రెండు ముక్కల్లో తేలిపోతుంది. జవాబు ఎంత త్వరగా దొరుకుతోంది? దొరికిన జవాబులో ఒక తగాదా ఉందా? గ్రహం వ్యాసం ఎనిమిది వేల కిలోమీటర్లని తెలిసినంత మాత్రాన ఆట కదలదు. ఆ గ్రహం మీద నీళ్ల గొట్టం ఎవరి చేతిలో ఉందో తెలిస్తే కదులుతుంది. బొమ్మలు ఎంత బాగున్నా, చరిత్ర ఎన్ని పేజీలున్నా, ఈ రెండింట్లో తప్పిన పుస్తకం చదువుకోవడానికి బాగుంటుందే తప్ప నడపడానికి సాయపడదు.

ఈ లెక్కన మొదట చేతిలో ఉండాల్సింది ‘స్టార్స్ వితవుట్ నంబర్’. కెవిన్ క్రాఫర్డ్ తన సైన్ నోమినే పబ్లిషింగ్ నుంచి 2010లో తెచ్చిన ఆట ఇది. ఇప్పుడు వాడాల్సింది రివైజ్డ్ ఎడిషన్. దీని ఉచిత పీడీఎఫ్‌లోనే ఆడటానికి కావాల్సిన రూల్స్, సెక్టర్ (ఆట జరిగే నక్షత్రాల పటం) తయారుచేసే పట్టికలు, ఫ్యాక్షన్ల (పెత్తనం కోసం పోటీపడే వర్గాల) పద్ధతి అన్నీ ఉన్నాయి. డబ్బు పెట్టి కొనే డీలక్స్‌లో అదనంగా వచ్చేవి మెక్‌లు (మనిషి లోపల కూర్చుని నడిపే భారీ యంత్రాలు), ట్రాన్స్‌హ్యూమన్ (మనిషి ఒంటి హద్దులు దాటిన) క్యాంపెయిన్లు, అంటే చాలా సెషన్లు సాగే కథలు, ట్రూ ఏఐ క్యారెక్టర్లు, స్పేస్ మ్యాజిక్ లాంటి అధ్యాయాలు. మొదటి ఏడాది వాటి అవసరం రాదు. ఈ ఆట ఆడకుండా వేరే ఆట నడుపుతున్నవాళ్లు కూడా దీని వెనక సగం దగ్గర పెట్టుకోవాలి. రూల్స్ ఏవైనా ఈ పట్టికలు పనిచేస్తాయి.

పద్ధతి ఇలా ఉంటుంది. అడ్డంగా 8, నిలువుగా 10 హెక్స్‌ల (ఆరు భుజాల గళ్ల) కాగితం తీసుకుని, పది ముఖాల పాచిక ఒకసారి వేసి, వచ్చిన అంకెకు 20 కలిపి, అన్ని నక్షత్రాలు దాని మీద చల్లాలి. ఒక్కో గ్రహానికి వాతావరణం, ఉష్ణోగ్రత, జీవావరణం, జనాభా, టెక్ లెవెల్ (సాంకేతిక స్థాయి) ఆరు ముఖాల పాచికలు రెండేసి వేసి తేల్చాలి. ఆ తర్వాత అసలు సంగతి: ట్యాగులు, అంటే గ్రహం ప్రత్యేకతను ఒకటి రెండు మాటల్లో చెప్పే గుర్తులు. రివైజ్డ్‌లో వంద ట్యాగులున్నాయి. గ్రహానికి రెండు చొప్పున తీసుకోవాలి. ఒక్కో ట్యాగు కింద చిన్న వివరణ, దాని వెంట ఐదు జాబితాలు ఉంటాయి: శత్రువులు, మిత్రులు, చిక్కులు, వస్తువులు, చోట్లు.

ఒక గ్రహం చేసి చూద్దాం. గాలి దాదాపు లేదు, జనాభా పది లక్షల లోపు, టెక్ లెవెల్ 4 వచ్చిందనుకోండి. 4 అంటే ఓడలు నడిపే మామూలు స్థాయి. ట్యాగులు ‘హెవీ మైనింగ్’, ‘పిల్‌గ్రిమేజ్ సైట్’. చాలామంది ఇక్కడ గ్రహానికి ఒక వైపు గనులు, ఇంకో వైపు పుణ్యక్షేత్రం అని రాసేసి ఊరుకుంటారు. అలా రాస్తే రెండు ట్యాగులూ వృథా అయినట్టే. రెండింటినీ ‘ఎందుకంటే’తో కలపాలి. క్షేత్రం కిందే మంచి ఖనిజం ఉంది, కంపెనీ అక్కడికి సొరంగం తవ్వుకుంటూ వస్తోంది. శత్రువును మైనింగ్ ట్యాగు నుంచి తీసుకుంటే గని మేనేజరు. మిత్రుడిని యాత్ర ట్యాగు నుంచి తీసుకుంటే సత్రం నడిపే పెద్దావిడ. ఇప్పుడు వాతావరణం వైపు చూడండి. బయట గాలి లేదు కాబట్టి యాత్రికులు పీల్చే గాలి కంపెనీ యంత్రాల నుంచే రావాలి. ఈ ముక్క ఏ ట్యాగులోనూ లేదు. రెండు ట్యాగులూ వాతావరణమూ కలిసిన చోట పుట్టింది. సత్రం పెద్దావిడ కంపెనీకి ఎదురు తిరగలేకపోవడానికి కారణం అదే. ప్లేయర్లు దిగేసరికి గాలి బిల్లు పెంచారన్న గొడవ నడుస్తూ ఉంటే సెషన్‌కి అది చాలు.

ఈ పుస్తకంతో జరిగే పొరపాట్లు కూడా తెలిసుండాలి. పెద్దది ఏమిటంటే, సెక్టర్‌లోని పాతిక గ్రహాలకూ ఒకే రాత్రి మొత్తం వివరాలు రాసెయ్యడం. మూడు నెలలు ఆడినా ప్లేయర్లు ఐదారు గ్రహాలు దాటరు. అన్నిటికీ పేరు, రెండు ట్యాగులు మాత్రం రాసుకుని, మొదలయ్యే గ్రహానికి, అక్కణ్నుంచి ఒక్క దూకులో చేరగలిగే పొరుగు గ్రహాలకు పూర్తి వివరం రాస్తే సరిపోతుంది. ఆటకు అవసరమైనా, రాస్తుంటే సరదాగా ఉన్నా రాయండి, లేకపోతే వదిలేయండి అని క్రాఫర్డ్ కూడా చెబుతారు. రెండోది, పాచికకు మరీ కట్టుబడటం. నియంతృత్వం, అంతర్యుద్ధం, తెగులు వరసగా నాలుగు గ్రహాలకు వస్తే ఆటంతా ఒకే రంగు పులుముకుంటుంది. ఒకటి రెండు మార్చి వేయడంలో తప్పేమీ లేదు.

ఫ్యాక్షన్ల అధ్యాయం గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే జీఎం ఒంటరిగా కూర్చుని ఆడుకునే ఆట అది. ఒక్కో ఫ్యాక్షన్‌కి ఫోర్స్ (బలం), కన్నింగ్ (జిత్తులు), వెల్త్ (సంపద) అని మూడు అంకెలు. ఒక్కో టర్న్‌కి ఆదాయం ఎంతంటే, వెల్త్‌లో సగం పైకి సవరించి, దానికి ఫోర్స్, కన్నింగ్‌ల మొత్తంలో నాలుగో వంతు కిందికి సవరించి కలపాలి. ఫోర్స్ 3, కన్నింగ్ 2, వెల్త్ 5 ఉన్న వ్యాపార సంఘానికి 3, 1 కలిపి 4 ఫ్యాక్‌క్రెడ్‌లు, అంటే ఫ్యాక్షన్లు ఖర్చుపెట్టే డబ్బు. వాటితో ఆస్తులు కొంటారు, దాడులు చేస్తారు. దాడి అంటే ఇరు పక్షాలూ పది ముఖాల పాచిక వేసి తమ అంకె కలుపుకోవడం. నెలకొకసారో, రెండు సాహసాల మధ్యనో ఒక టర్న్ నడుపుతారు. ఎనిమిది ఫ్యాక్షన్లు పెట్టుకుంటే ఒక్క టర్న్‌కే గంట పడుతుంది, రెండో నెలకల్లా జీఎం మానేస్తారు. మూడు, మహా అయితే నాలుగు చాలు. ఇంకో మాట: టర్న్‌లో జరిగింది ప్లేయర్లకు తెలియకపోతే ఆ శ్రమ అంతా గోడ వెనకే ఉండిపోతుంది. టర్న్ అవ్వగానే ఒక్కో ఫ్యాక్షన్ చేసిన పని మీద పేపర్ హెడ్డింగ్ లాంటి వాక్యం ఒకటి రాసి, తర్వాతి సెషన్ మొదట్లో చదివేయాలి.

లోపాలు లేకపోలేదు. పుస్తకం రెండు కాలమ్‌ల చిన్న అక్షరాల్లో కిక్కిరిసి ఉంటుంది. టేబుల్ దగ్గర పేజీలు తిప్పుతూ వెతకడం కష్టం. పోరాటానికి హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు తట్టుకోగలరో చెప్పే అంకె), ఇరవై ముఖాల పాచిక వాడతారు కాబట్టి ఫాంటసీ ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్ అలవాటున్నవాళ్లు ధీమాగా ముందుకు దూకుతారు. కానీ మొదటి లెవెల్‌లో వారియర్ కానివాళ్లకు ఒక్క ఆరుముఖాల పాచిక మీద వచ్చినంతే ప్రాణం. రైఫిల్ దెబ్బ పది ముఖాల పాచికకు 2 కలిపి. ఒక్క గుండుకి మనిషి పడిపోవచ్చు. ఇది ప్లేయర్లకు మొదటి రోజే చెప్పాలి. వ్యాపారానికి ‘సన్స్ ఆఫ్ గోల్డ్’, నౌకాదళానికి ‘స్కైవర్డ్ స్టీల్’, గూఢచర్యానికి ‘డార్క్‌నెస్ విజిబుల్’ ఉన్నాయి. ఇవి మొదటి ఎడిషన్‌కి రాసినవే అయినా కొద్ది సవరణతో రివైజ్డ్‌లో వాడొచ్చు. మూడింట్లో ఒకటే తీసుకోవాలంటే ‘సన్స్ ఆఫ్ గోల్డ్’ తీసుకోండి. సరుకు ఎక్కడ చవక అన్న దానికన్నా, ఆ సరుకు అమ్మనివ్వకుండా ఎవరు అడ్డం పడతారన్న దాని మీద అది ఎక్కువ శ్రద్ధ పెడుతుంది.

ఇక పెద్దాయన: ‘ట్రావెలర్’. మార్క్ మిల్లర్ రూపొందించగా గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ 1977లో మూడు చిన్న నల్ల పుస్తకాలుగా వేసింది. ఇప్పుడు మంగూస్ పబ్లిషింగ్ వాళ్లు వేస్తున్నారు. రెండో ఎడిషన్ 2016లో వచ్చింది, దాని సవరించిన రూపం 2022లో. పైన చెప్పిన 8 బై 10 హెక్స్‌ల పటం ఇక్కణ్నుంచి వచ్చిందే. ట్రావెలర్‌లో దాన్ని సబ్‌సెక్టర్ అంటారు, ఒక్కో హెక్స్ ఒక పార్సెక్ (నక్షత్రాల మధ్య దూరానికి వాడే కొలత). ఆరుముఖాల పాచిక వేసి 4 లేదా ఆపైన వస్తే అక్కడ గ్రహం ఉన్నట్టు, అంటే సగటున నలభై గ్రహాలు.

దీని గొప్పతనం గ్రహాన్ని ఒక్క వరుసలో కుదించే కోడ్. ఉదాహరణకు సి564667-8. మొదటి అక్షరం రేవు: సి రకం, శుద్ధి చేయని ఇంధనమే దొరుకుతుంది, దాంతో జంప్ (ఒక నక్షత్రం నుంచి ఇంకో నక్షత్రానికి దూకడం) చేస్తే దారి తప్పే ప్రమాదం ఉంది. 5 అంటే వ్యాసం సుమారు 8,000 కిలోమీటర్లు. 6 అంటే మామూలుగా పీల్చుకునే గాలి. 4 అంటే దాదాపు 40 శాతం నీరు. తర్వాతి 6 జనాభా, అంటే పది లక్షల స్థాయి. ఆ తర్వాతి 6 పరాయి పాలన, బయటివాళ్ల చేతిలో ఉన్న ప్రభుత్వం. 7 చట్టం: షాట్‌గన్‌తో సహా తుపాకులు నిషేధం, కత్తులకు ఇంకా అడ్డులేదు. చివరి 8 టెక్ లెవెల్. మొదట్లో అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు ఇందులో ఉంది. రెండు సెషన్లు నడిపితే జీఎం ఈ కోడ్‌ను అచ్చంగా చదివేస్తారు.

కోడ్ చెప్పేది స్థితి మాత్రమే. తగాదాను జీఎం అందులోంచి లాగాలి. పై కోడ్‌లో పరాయి పాలన, కఠిన చట్టం పక్కపక్కనే ఉన్నాయి. తుపాకులు ఎవరు ఎవరి దగ్గర లాక్కున్నారు? ఆ బయటివాళ్లెవరు? శుద్ధి చేసిన ఇంధనం తమ ఓడలకు మాత్రం పోసుకుంటున్నారా? ఇలా పక్కపక్క అంకెలను ఢీకొట్టించడం తెలియనివాళ్లకు ట్రావెలర్ పొడి పొడి అంకెల పుస్తకంలా కనిపిస్తుంది. అందుకే మంచి మార్గం ఏమిటంటే, గ్రహం కోడ్ ట్రావెలర్‌తో వేసి, రెండు ట్యాగులు స్టార్స్ వితవుట్ నంబర్ నుంచి తగిలించడం. రెండింటి పటం కొలత ఒకటే కాబట్టి అతుకు కనిపించదు.

పాచికలు ఒక్కోసారి కుదరని గ్రహాన్ని ఇస్తాయి. గాలి లేని చిన్న రాయి మీద వందల కోట్ల జనం, టెక్ లెవెల్ 3. ఇలాంటిది వస్తే మంగూస్ ఎడిషన్‌లో అడ్డుకట్ట ఉంది. గాలి లేని చోట బతకాలంటే కనీసం టెక్ లెవెల్ 8 ఉండాలంటుంది. అంకెను పెంచేయొచ్చు. లేదా అలాగే ఉంచి, ఆ జనాన్ని బతికిస్తున్న పాత యంత్రం ఒకటుంది, బాగుచేయడం ఎవరికీ రాదు అనొచ్చు. నా ఓటు రెండోదానికే.

ట్రావెలర్ నుంచి ప్రతి జీఎం ఎత్తుకోవాల్సిన రూల్ ఇంకొకటుంది. జంప్ ఎంత దూరమైనా దాదాపు వారం పడుతుంది. జంప్-1 ఓడ ఒక పార్సెక్, జంప్-2 రెండు. ఇంధనం ఓడ టన్నేజిలో జంప్ అంకెకు పది శాతం చొప్పున. మామూలు 200 టన్నుల ఫ్రీ ట్రేడర్‌కి జంప్-1 అంటే 20 టన్నులు. ఓడ కన్నా వేగంగా వార్త కూడా వెళ్లదు. దీని ఫలితం ఏమిటో చూడండి. ప్లేయర్లు హెడ్డాఫీసుకి ఫోన్ చేసి అడగలేరు. పొరుగు గ్రహంలో వాళ్లు చేసిన నేరం వారం తర్వాత గానీ ఇక్కడికి చేరదు, వాళ్లే ముందొస్తే అస్సలు చేరి ఉండదు. రాజధానిలో ప్రభుత్వం పడిపోయి నెలైనా ఇక్కడి అధికారి పాత ఉత్తర్వులే అమలు చేస్తుంటాడు. ఏ రెండు ఊళ్ల మధ్యా ఫోను లేని రోజుల్లో నడిచే కథలన్నీ ఈ ఒక్క రూల్‌తో అంతరిక్షంలోకి వచ్చేస్తాయి. వేగంగా మాట్లాడుకునే సాధనాలు పెట్టుకున్న జీఎంలు ప్రతి సాహసంలోనూ సిగ్నల్ పోయిందని సాకు వెతుక్కోవాల్సి వస్తుంది.

ట్రావెలర్ పాత సప్లిమెంట్లలో (అనుబంధ పుస్తకాల్లో) ఇప్పటికీ సాటిలేనిది ‘76 పేట్రన్స్’. లోరెన్ వైజ్‌మన్ రాసిన ఈ చిన్న పుస్తకం 1980 నాటిది. పని అప్పజెప్పే 76 మంది మనుషులు ఇందులో ఉంటారు. ప్లేయర్లకు చెప్పేది ఒక పేరా. దాని కింద రెఫరీకి (ట్రావెలర్‌లో జీఎంని అలా అంటారు) మాత్రమే తెలిసే అసలు నిజం, అది కూడా పాచిక వేసి తేల్చుకునేలా రకరకాలుగా. ఇదే పద్ధతిలో ఒకటి తయారుచేద్దాం. రేవు గుమస్తా ఒకడు సీలు వేసిన పెట్టెను పక్క గ్రహానికి చేర్చమంటాడు, మామూలు కిరాయికి రెట్టింపు ఇస్తానంటాడు. 1 లేదా 2 వస్తే అంతా చెప్పినట్టే, పెట్టెలో మందులు. 3 వస్తే మందులే, కానీ దొంగిలించినవి. 4 వస్తే పెట్టె ఖాళీ, గుమస్తా మీద నిఘా ఉంది, అధికారుల చూపు మళ్లించడానికి ప్లేయర్లను వాడుకుంటున్నాడు. 5 వస్తే తీసుకోవాల్సిన మనిషి చచ్చిపోయాడు, వారసులిద్దరు కొట్టుకుంటున్నారు. 6 వస్తే లోపల ప్రాణమున్నది ఏదో ఉంది, చల్లగా ఉంచకపోతే లేస్తుంది. ఇందులో మొదటి జవాబు చాలా ముఖ్యం. కొన్నిసార్లు ఏ మోసమూ ఉండకపోవడం వల్లే ప్లేయర్లు ప్రతి పనిలోనూ కుట్ర ఉందని ముందే అనుకోరు. ఈ కాలంలో రాసే సాహసాల్లో ఈ నిగ్రహం తక్కువ.

ట్రావెలర్ బలహీనతలు రెండు. ఒకటి సరుకుల వ్యాపారం: బ్రోకర్ స్కిల్ (బేరమాడే నైపుణ్యం) బాగా ఉన్న క్యారెక్టర్ ఒకరుంటే కొన్ని ప్రయాణాల్లోనే ఓడ కోసం చేసిన అప్పు ఎవరికీ గుర్తు రానంత డబ్బు పోగవుతుంది. సెషన్ కాస్తా లెక్కల పుస్తకమవుతుంది. ఒక గ్రహంలో ఒక రాకకు ఒక్క పెద్ద బేరమే అని కట్టడి పెట్టండి, ఆ బేరం వెనక ఒక మనిషిని పెట్టండి. రెండోది ట్రావెలర్ కథలు జరిగే థర్డ్ ఇంపీరియం అనే ప్రపంచం. దశాబ్దాలుగా పేరుకున్న సమాచారం చూస్తే కొత్తవాళ్లకు దడ పుడుతుంది. ఒక్క సబ్‌సెక్టర్ తీసుకుని, దాని అవతల ఏముందో పట్టించుకోకుండా ఆడండి. ట్రావెలర్ మ్యాప్ వెబ్‌సైట్‌లో ఆ పటం ఉచితంగానే దొరుకుతుంది. క్యారెక్టర్ తయారీలో నాలుగేళ్లకొక టర్మ్ చొప్పున జీవితం గడిచేటప్పుడు వచ్చే ప్రతి రైవల్ (పోటీదారు), ఎనిమీ (శత్రువు), కాంటాక్ట్ (పరిచయస్తుడు) పేరునూ జీఎం తన నోట్‌బుక్‌లో రాసుకోవాలి. 76 మంది పేట్రన్లలో సగం మందికి ఆ పేర్లే పెట్టొచ్చు.

భయం నడపాలంటే ఇవేవీ చాలవు. దానికి ట్యూస్‌డే నైట్ గేమ్స్ వాళ్ల ‘మదర్‌షిప్’ ఉంది. ప్లేయర్లు చదవాల్సిన ‘ప్లేయర్స్ సర్వైవల్ గైడ్’ పీడీఎఫ్ ఉచితం. నేను కొనమనేది జీఎం కోసం రాసిన ‘వార్డెన్స్ ఆపరేషన్స్ మాన్యువల్’. చిన్న సైజు పుస్తకం, అనవసరమైన పేజీ ఉండదు. నోట్‌బుక్ తెరిచి మొదటి సాహసం ఎలా రాయాలో అడుగడుగునా చెబుతుంది. భయానక సంఘటనను అది ఐదు మెట్లుగా విడగొడుతుంది: ఎవరో హద్దు మీరారు, సూచనలు కనిపించాయి, అది బయటపడింది, దాన్ని ఎలాగో తరిమారు, మళ్లీ నిద్రపోయింది. జీఎంలు ఎక్కువగా తప్పేది రెండో మెట్టు దగ్గర. నేరుగా రాక్షసిని చూపించేస్తారు. పైన చేసిన గని గ్రహాన్నే తీసుకోండి. క్షేత్రం కింద సొరంగం తవ్వడం హద్దు మీరడం. రాక్షసి కనిపించే ముందు కనీసం మూడు సూచనలు కావాలి: షిఫ్టు ముగిసినా ఇంటికెళ్లని కూలీలు, గాలి గొట్టాల్లో తడి, సత్రంలో ఒకే కల కన్న ఇద్దరు యాత్రికులు. మూడూ కళ్లతో చూసేవో, వెళ్లి అడిగి తెలుసుకునేవో అయ్యుండాలి.

ఆ పుస్తకంలోనే ఇంకో పదునైన ఆలోచన: బతకడం, రహస్యం ఛేదించడం, తోటివాళ్లను కాపాడటం. ఈ మూడూ ఒకేసారి కుదరని పరిస్థితి కల్పించండి, ప్లేయర్లు ఏది వదులుకుంటారో వాళ్లనే తేల్చుకోనివ్వండి. రూల్స్ కూడా దీనికి తగ్గట్టే ఉంటాయి. క్యారెక్టర్ స్ట్రెస్ (మానసిక ఒత్తిడి) 2తో మొదలై, విఫలమైనప్పుడల్లా పెరుగుతుంది. పానిక్ చెక్‌లో, అంటే భయాన్ని తట్టుకున్నాడా అని చూసే పరీక్షలో, ఇరవై ముఖాల పాచిక మీద స్ట్రెస్ కన్నా ఎక్కువ రాకపోతే మనిషి చెదిరిపోతాడు. నక్కి తప్పించుకోవడానికి స్టెల్త్ స్కిల్ కావాలనే పెట్టలేదు. ఎక్కడ దాక్కున్నావు, ఊపిరి ఎలా బిగబట్టావు అని మాటల్లో చెప్పాల్సిందే. ఇక్కడ చాలామంది అలవాటు కొద్దీ ప్రతిదానికీ పాచిక వేయిస్తారు. కొత్త క్యారెక్టర్ల అంకెలు తక్కువ కాబట్టి వరసగా ఓడిపోయి ప్లేయర్లు విసిగిపోతారు. ప్లేయర్ తెలివైన ఉపాయం చెబితే పాచిక అడగకండి.

దీని మాడ్యూళ్లలో (సిద్ధంగా రాసిచ్చిన సాహసాల పుస్తకాల్లో) ‘ఎ పౌండ్ ఆఫ్ ఫ్లెష్’ ఏ ఆటలోనైనా పనికొస్తుంది. ప్రాస్పెరోస్ డ్రీమ్ అనే ఒక్క స్పేస్ స్టేషన్ మీదే పుస్తకమంతా. అక్కడ పీల్చే గాలికి కూడా రోజువారీ పన్ను. మొదట్లో చెప్పిన తగాదా పరీక్షలో పూర్తి మార్కులు దీనికే. ‘గ్రేడియంట్ డిసెంట్’ రాత పరంగా ఇంకా గొప్పది. ఆండ్రాయిడ్లు తయారుచేసే పాడుబడ్డ కర్మాగారం, దాన్ని ఏలే ఒక ఏఐ, తాము మనుషులమేనా అని క్యారెక్టర్లకే పుట్టే అనుమానం. ఆ అనుమానం అందరికీ సరిపడదు. ఆడే ముందు ప్లేయర్లతో మాట్లాడుకోవాలి. మదర్‌షిప్‌తో ఏడాది పొడవునా వ్యాపారం, రాజకీయం నడపాలనుకుంటే మాత్రం నిరాశే. దాని పుస్తకాలు అందుకు రాసినవి కావు.

‘గర్ప్స్ స్పేస్’ వేరే జాతి. స్టీవ్ జాక్సన్ గేమ్స్ 2006లో వేసిన నాలుగో ఎడిషన్ పుస్తకం, జాన్ జీగ్లర్, జేమ్స్ కాంబియాస్ రాసింది. గర్ప్స్ అనే ఆట ఆడకపోయినా కొనొచ్చు. నక్షత్ర వ్యవస్థను లెక్కకట్టి తయారుచేసే పద్ధతి ఇందులో ఉన్నంత వివరంగా ఆటల పుస్తకాల్లో అరుదు. గ్రహం మూల ఉష్ణోగ్రత (వాతావరణం పట్టి ఉంచే వేడి కలపకముందు ఉండేది) కావాలంటే నక్షత్ర ప్రకాశానికి నాలుగో మూలం కట్టి, 278తో గుణించి, దూరం వర్గమూలంతో భాగించాలి. ప్రకాశాన్ని సూర్యుడితో, దూరాన్ని భూమి-సూర్యుల మధ్య దూరంతో పోల్చి కొలుస్తారు. సూర్యుడిలో నూరో వంతు ప్రకాశం, 0.3 వంతు ద్రవ్యరాశి ఉన్న ఎర్ర మరుగుజ్జు నక్షత్రం తీసుకోండి. 0.01కి నాలుగో మూలం 0.316, 278తో గుణిస్తే సుమారు 88. గ్రహం 0.12 దూరంలో ఉంటే వర్గమూలం 0.346, భాగిస్తే 254 కెల్విన్. వాతావరణం కొంచెం వేడి పట్టి ఉంచితే మనుషులు బతకొచ్చు. అంత దగ్గర్లో ఏడాది దాదాపు 28 రోజులే. గ్రహం ఒకే ముఖం నక్షత్రం వైపు తిప్పి ఉండే అవకాశం ఎక్కువ. అంటే ఒక వైపు ఎప్పుడూ పగలు, ఇంకో వైపు ఎప్పుడూ చీకటి, మధ్యలో సాయంత్రపు వెలుగు పట్టీ. ఊళ్లన్నీ ఆ పట్టీలోనే. భూమి ధర ఎక్కడ ఎక్కువో, చీకటి వైపు మంచును తవ్వి నీరు తెచ్చేదెవరో వెంటనే తోస్తుంది. లెక్క నుంచి తగాదా పుట్టడం అంటే ఇదే.

కానీ మొత్తం పద్ధతి ప్రకారం ఒక వ్యవస్థ కట్టడానికి క్యాలిక్యులేటర్ పట్టుకుని ఒక సాయంత్రమంతా కూర్చోవాలి. సెక్టర్ మొత్తానికి చేయబోతే ఆట మొదలే కాదు. క్యాంపెయిన్‌లో పదే పదే తిరిగొచ్చే ఒక్క గ్రహానికి మాత్రం చేయండి. గ్రహాంతర జీవుల అధ్యాయం ఇంకా ఎక్కువ వాడకంలో ఉంటుంది. ఏం తింటుంది, ఎలా కదులుతుంది, ఎలాంటి ఒళ్లు అని మొదలుపెట్టి బుద్ధి దాకా తీసుకొస్తుంది కాబట్టి నుదుటి మీద ముడతలున్న మనుషుల బదులు నిజంగా వేరే జీవులు తయారవుతాయి.

టేబుల్ దగ్గరే అందరూ కలిసి ప్రపంచం కట్టుకోవాలనుకుంటే ‘డయాస్పోరా’ చూడండి. ఒక్కో ప్లేయరూ ఒక్కో నక్షత్ర వ్యవస్థకు సాంకేతికత, పర్యావరణం, వనరులు ఫేట్ పాచికలతో (ప్లస్, మైనస్, ఖాళీ ముఖాలుండేవి) తేల్చి, కథ చెప్పి, పక్కవాళ్లదానికి కలుపుతారు. ఒక సెషన్‌లో పని అయిపోతుంది. జీఎం ఒక్కరే చేసిన పటం కన్నా దీని మీద ప్లేయర్లకు మమకారం ఎక్కువ. ‘ఎక్లిప్స్ ఫేజ్’ అనే ఆట ఆలోచనలు గొప్పవి, ఉచితంగా పంచుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు మీద ఉంది కాబట్టి ఖర్చు లేదు. కానీ ఒళ్లు మార్చుకుంటూ బతికే ఆ లోకంలో మొదటి సెషన్‌కే అర్థం చేసుకోవాల్సింది చాలా ఉంది. కొత్త గ్రూపుకి వద్దు.

మన దగ్గర కొనే సంగతి. అచ్చు పుస్తకాలు విదేశాల నుంచి తెప్పిస్తే పుస్తకం ధరకు దీటుగా రవాణా, కస్టమ్స్ పడొచ్చు. పీడీఎఫ్ కొని, కావాల్సిన పట్టికలు మాత్రం జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించుకుని స్పైరల్ బైండింగ్ చేయించడం మేలు. ట్రావెలర్‌కి ఆరుముఖాల పాచికలు రెండు, గర్ప్స్‌కి మూడు ఉంటే చాలు, ఫ్యాన్సీ షాపులో దొరుకుతాయి. స్టార్స్ వితవుట్ నంబర్‌కి నాలుగు నుంచి ఇరవై ముఖాల దాకా పూర్తి సెట్ కావాలి. మదర్‌షిప్‌కి పది ముఖాలవి రెండు, ఇరవై ముఖాలది ఒకటి ఎక్కువగా తిరుగుతాయి. చేతిలో లేకపోతే ఫోన్ యాప్‌తో గడుపుకోవచ్చు.

పేర్ల దగ్గర మాత్రం ఏ పుస్తకం మీదా ఆధారపడకండి. స్టార్స్ వితవుట్ నంబర్‌లో రకరకాల సంస్కృతుల పేర్ల జాబితాలున్నాయి, భారతీయ పేర్లవీ ఉన్నాయి, కానీ దేశంలోని అన్ని మూలలూ అందులో ఒకటే. తెలుగులో నడిపే టేబుల్‌కి ఇంటిపేర్లు ఇరవై, పేర్లు ఇరవై రాసి పెట్టుకుంటే ఇరవై ముఖాల పాచిక రెండు సార్లు వేసి మనిషిని నిలబెట్టొచ్చు. గ్రహాలకు కొత్త భట్టిప్రోలు, రెండో కొలనుపాక లాంటి పేర్లు పెడితే, అక్కడికి మొదట వలస వెళ్లినవాళ్లెవరో ప్లేయర్లకు విడిగా చెప్పనక్కర్లేదు.

చివరగా ప్రింట్ గురించి ఒక మాట. మిగతా పట్టికలు బైండింగ్ చేయించినా, ట్యాగుల పేజీలు మాత్రం రెండు వైపులా వేయించకండి. ఒక వైపే వేయించి, బైండింగ్ చేయించకుండా విడి కాగితాలుగానే క్లిప్పు పెట్టుకోండి. అప్పుడే గ్రహానికి వచ్చిన రెండు ట్యాగులనూ పక్కపక్కన పరుచుకుని, ఒకదాని శత్రువుని ఇంకోదాని మిత్రుడి మీదికి వదలడం వీలవుతుంది.